నేలను తాకిన బంతి

ప్రియమైన అక్కకి,

క్షేమంగా చేరాం. విమానంలో చెవులు మూసుకుపోయి, రెండు రోజులపాటు ఎవరేమన్నా తలూపేశాను. అలా తలూపడంవల్లే, నేను దిగిన ఇంటివాళ్ళ కుక్కని రోజూ పొద్దున్నే నడిపించే పని నెత్తికెత్తుకున్నాను.

ఇక్కడ మా క్రికెట్ జట్టుని హోటల్లో పెట్టలేదు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో తలా ఒకచోట సర్దారు. నన్ను ఎవరింట్లో పెట్టారనుకున్నావు? వాళ్ళ జట్టులో మూడో నంబరు బ్యాటర్ ఇంట్లో! ఆవిడ బడి బస్సు నడుపుతుంది. మా వాళ్ళంతా డ్రైవరమ్మ అంటున్నారు. ముప్పై మూడేళ్ళుంటాయి. పాప పుట్టాక రెండేళ్ళు ఆట మానేసి, ఇప్పుడే మళ్ళీ జట్టులోకొచ్చింది. పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గర దింపి, అదే బస్సులో ప్రాక్టీసుకి పోతుంది. డ్రైవరమ్మ తల్లి, ముసలావిడ, నా తడి కీపింగ్ గ్లౌజులు తీసుకెళ్ళి తన గదిలో హీటరు పక్కన ఆరబెడుతుంది. వద్దంటే వినదు.

నిన్న మొదటి వన్డే ఆడాం. నాలుగు పరుగుల తేడాతో గెలిచాం! మా కెప్టెన్ ఏడ్చేసింది. డ్రైవరమ్మ మూడు పరుగులకే అవుటైంది. వికెట్ల వెనక క్యాచ్ నేనే పట్టాను. చేతులు నొప్పిగా ఉన్నాయి, మళ్ళీ రాస్తాను.

నీ చిట్టి


చిట్టీ,

నీ ఉత్తరం కుట్టుమిషను మీద పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. ఆ హడావిడిలో ఒకరి చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కుట్టేశాను. విప్పి మళ్ళీ కుట్టేసరికి నా ప్రాణం పోయింది.

మీ టెలిఫోన్ ఎక్స్ఛేంజి సూపర్‌వైజరమ్మ దుకాణానికొచ్చింది. "మూడు మ్యాచ్‌లూ ఆడొస్తే చాలు, పర్మనెంటు కాగితం బల్ల మీద పెడతాను" అంది. ఆరేళ్ళుగా టెంపరరీ అనిపించుకున్నావు, ఇక ఆ మాట వినక్కర్లేదు.

ఒక్కటడుగుతాను. చిన్నప్పుడు గోడకి కొట్టిన బంతి పట్టినా గంటసేపు చెప్పి నా బుర్ర తినేదానివి. దేశం తరఫున పట్టిన క్యాచ్‌కి ఒక్క వాక్యమేనా? చేతులకేనా నొప్పి?

ఇక్కడ బెంగపెట్టుకోవాల్సిందేమీ లేదు. వేళకి తిను.

మీ అక్క


ప్రియమైన అక్కకి,

నీ దగ్గర ఏదీ దాగదు.

ఆ బంతి నా చేతిలో పడకముందే నేలని తాకిందక్కా. గడ్డి మీద పడి, వేళ్ళలోకి లేచింది. నాకు తెలిసింది. వేళ్ళకి తెలుస్తుంది కదా, నువ్వే చెప్పేదానివి. కానీ పక్కనున్నవాళ్ళు ఒక్కసారిగా అరిచారు, నేనూ బంతి పైకెత్తాను. అంపైర్‌కి దూకి అటు తిరిగిన నా వీపు అడ్డమొచ్చింది. డ్రైవరమ్మ కదలకుండా నా వైపే చూసి, "పట్టావా?" అంది. ఆ ఒక్క ముక్కా నాకర్థమైంది. పట్టానన్నాను. బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళ బల్ల దగ్గరే అన్నం తిన్నాను. "మంచి క్యాచ్" అని తనే ఇంకో గరిటె వడ్డించింది.

రెండో వన్డేకి ఆవిణ్ణి తీసేశారు. తిరిగొచ్చినందుకు ఒక్క మ్యాచ్ ఇచ్చి చూశారట. వయసైపోయిందని వాళ్ళ సెలెక్టరు ముఖమ్మీదే అన్నాడట. ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం. నాకు బాధ కూడా కలగలేదు, అందుకు ఇంకా భయమేసింది.

మా కెప్టెన్‌కి చెప్పాను. "గెలిచిన మ్యాచ్‌ని ఇప్పుడు వెనక్కిచ్చొస్తావా? నోరుమూసుకో" అంది. అంటే అంది గానీ, ఆ రోజంతా నా ముఖం చూడలేదు.

మూడోది ఇంకా పదహారు రోజులకి. ఈలోగా నీ జవాబొస్తుంది. ఏం చెయ్యమంటావు?

చిట్టి


చిట్టీ,

సూటిగా రాస్తున్నాను. నోరు మెదపకు.

నువ్వు కావాలని చేసింది కాదు. రెప్పపాటులో జరిగిపోయింది. నువ్విప్పుడు చెప్పినంత మాత్రాన అంపైరు వేలు కిందకి దిగదు, ఆవిడ మూడు పరుగులు ముప్పై అవ్వవు. ఆవిణ్ణి తీసేసింది వాళ్ళ సెలెక్టర్లు, నువ్వు కాదు. అదే నువ్వు చెప్పావనుకో, మూడో మ్యాచ్ నీకుండదు. అది లేకపోతే కాగితమూ ఉండదు. నాన్న పోయాక మనం ఎలా నెట్టుకొచ్చామో నీకు వేరే చెప్పాలా?

ఆ మ్యాచ్ ఆడి, ఇంటికి రా. తర్వాత ఎంత ఏడవాలనుంటే అంత ఏడు, నేను పక్కన కూచుంటాను.

అక్క


ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. తెరవలేదు. కోపం తెచ్చుకోకు. చెప్పమని ఉంటే, నువ్వు చెప్పమన్నావు కాబట్టి చెప్పినట్టవుతుంది. వద్దని ఉంటే నీ చాటున దాక్కుంటాను. నన్ను నేను ఎరుగుదును.

బుధవారం పొద్దున ఆవిడ బస్సు అద్దాలు తుడుస్తుంటే వెళ్ళి, నాకొచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాను. మాట చాలక వంగి, నేల మీద చెయ్యి పెట్టి, బంతి ఎక్కడ పడిందో చూపించాను. గుడ్డ బకెట్లో పడేసి, బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజంతా పాపని నా దగ్గరికి రానివ్వలేదు. ముసలావిడ మాత్రం మామూలుగానే గ్లౌజులు తీసుకెళ్ళింది. ఆవిడకి తెలుసో లేదో నాకు తెలీదు.

మర్నాడు నన్ను బస్సులో గ్రౌండుకి తీసుకెళ్ళి, గేటు దగ్గర ఆపి, నాకర్థమయ్యేలా మెల్లగా, మాట మాట విడదీసి అంది: "తర్వాతి బంతికే అవుటయ్యేదాన్నేమో. కానీ ఆ అవుటు నాది. అది కూడా నాకు దక్కనివ్వలేదు నువ్వు."

క్షమించమని అడగాలనుకుని వెళ్ళాను. ఆ మాట విన్నాక అడగలేకపోయాను.

అదే రోజు మా మేనేజరమ్మకీ చెప్పాను. వాళ్ళ సెలెక్టర్లకి ఉత్తరం రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. మేనేజరమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. "నీ ఒక్కదాని మనశ్శాంతికి పదకొండుమంది పరువు తీస్తావా?" అంది. నిజమేనేమో. నన్ను మూడో మ్యాచ్‌నుంచి తీసేసి, వేలికి దెబ్బ తగిలిందని పేపరువాళ్ళకి చెప్పారు. వాళ్ళ సెలెక్టర్లు కూడా డ్రైవరమ్మని తీసుకోలేదు. వచ్చే ఏడు చూద్దామన్నారట.

నిన్న ఆ మ్యాచ్ స్టాండ్సులోంచి చూశాను. నా బదులు దిగిన పిల్ల లెగ్‌సైడు దూకి ఒక క్యాచ్ పట్టిందక్కా, నేనైతే పట్టేదాన్ని కాదు. చప్పట్లు కొట్టాను. కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, అవి ఎందుకో అడక్కు. సిరీస్ మాదే. బయల్దేరడానికి ఇంకా పదిహేను రోజులుంది.

డ్రైవరమ్మ నాకు రెండు కుర్చీల అవతల కూచుంది. మధ్యాహ్నందాకా నా వైపు చూడలేదు. చలిగాలి మొదలయ్యాక ఫ్లాస్కులో టీ ఒంపుకుని తాగి, మూత తుడిచి, మళ్ళీ ఒంపి, ఖాళీ కుర్చీ మీద పెట్టింది. నేను తీసుకున్నాను. అంతే. మాకిద్దరికీ మాట కలిసిందని అనుకోకు.

రాత్రి నీ ఉత్తరం తెరిచాను. నువ్వు వద్దన్నావు. నువ్వు చెప్పింది ఏదీ తప్పు కాదు. కాగితం పోయినట్టే. నీ ముఖం ఎలా చూడాలో తెలీడం లేదు.

చిట్టి


చిట్టి తల్లికి,

నువ్వు బయల్దేరేలోగా ఇది అందాలని పోస్టాఫీసుకి పరిగెత్తి వేస్తున్నాను.

ముందు చేదు కబురు. సూపర్‌వైజరమ్మని కలిశాను. మూడు మ్యాచ్‌లూ అంటే మూడేనంది. పర్మనెంటు కాలేదు. నీ టెంపరరీ కుర్చీ అలాగే ఉంది, రాగానే డ్యూటీకి రమ్మంది. జరిగినదంతా చెప్తే సెలవు కాగితాల మీద స్టాంపు వేయడం ఆపి విని, "పిచ్చిపిల్ల" అని మళ్ళీ స్టాంపులు వేసుకుంది. తిట్టిందో మెచ్చుకుందో తేల్చుకోలేకపోయాను.

ఇంకొకటి చెప్పకపోతే నేను నీకు అక్కని కాను. ఏం చెయ్యమంటావని నువ్వడిగిన రోజున నేను రాసింది ఒక ఉత్తరం కాదు, రెండు. మొదటిదాంట్లో "వెళ్ళి చెప్పు" అని ఒక్క ముక్కే రాశాను. అంటించి, దుకాణం మూసి, పోస్టు డబ్బాదాకా వెళ్ళాను. నీది ఖాయమైన ఉద్యోగం కాదు, నాకు చూపు తగ్గుతోంది, ఇంకెన్నాళ్ళు కుట్టగలను అన్న లెక్కలు మొదలయ్యాయి. అవును, చూపు తగ్గుతోంది. చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టింది హడావిడివల్ల కాదు. నీకు చెప్పకూడదనుకున్నాను. డబ్బా ముందే ఆ ఉత్తరం చింపేసి, ఇంటికొచ్చి నువ్వు చదివింది రాశాను. అది నా సలహా కాదు చిట్టీ, నా భయం. నువ్వు తెరవకపోవడమే మంచిదైంది.

కళ్ళ డాక్టరు అద్దాలు రాసిచ్చాడు. అద్దాలతో కొన్నేళ్ళు గడుస్తుందన్నాడు. కంగారుపడకు.

స్టేషనుకి నేనే వస్తాను. నా ముఖం ఎలా చూడాలనేం అనుకోకు, నేను నీ ముఖం చూడాలి.

మన వీధివాళ్ళు పేపరు చూసి, పాపం చిట్టి వేలికేమైందని ఒక్కొక్కరే దుకాణానికొస్తున్నారు. వేలు బాగానే ఉందని, జరిగింది జరిగినట్టే చెప్తున్నాను. సగంమందికి అర్థం కావడం లేదు. వాళ్ళని కూచోబెట్టి మళ్ళీ మొదట్నుంచి చెప్తున్నాను.

మీ అక్క