రుక్సార్ కోరిన శిక్షణ

కుప్పం

నాన్నా, వందనాలు. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. క్షేమంగానే ఉన్నాను.

యువతతో పనిచేసేవాళ్లకు ఉద్యోగంలో తృప్తి ఉందా, ఏం శిక్షణ కావాలి అని అడిగే సర్వే పని మీద నిన్న పుంగనూరు వెళ్లాను. అక్కడి యువజన కేంద్రంలో పనిచేసే రుక్సార్ నవ్వింది. "తృప్తి ఉండాది మేడం. కానీ మొన్న ఒక పిల్ల, ఇంట్లో సదువు మాన్పించినారని వచ్చి ఏడ్చింది. ఏం సెప్పాలో తెలీక టీ ఇచ్చి పంపేసినాను. మళ్లీ రాలేదు. అట్లాంటప్పుడు ఏం మాట్లాడాలో నేర్పిస్తారా? లేకుంటే ఈ పని మానేస్తా" అంది.

ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టే సర్వే కాగితంలో రాసుకుని వచ్చాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? మన పక్కింటి ప్రకాష్ బాబు ఇటు వస్తే అతనితో నా స్వెటర్ పంపు.

మన మదనపల్లె చర్చిలో నువ్వు పాస్టరైనప్పటి నుంచీ పిల్లలు నీ దగ్గరకొచ్చి ఏడుస్తున్నారు కదా, వాళ్లకేం చెప్తావు? నీకా పనిలో తృప్తి ఉందా? అందరినీ అడిగాను, నిన్నే అడగలేదు.

అమ్మకు, అవ్వకు నా ప్రేమ.
కెజియా