దగ్గు చిప్పుది కాదు

నందిగామ

పూజ్యులైన బావగారికి నమస్కారములు.

మీ యాంప్లిఫయరులో శబ్దాన్ని పెంచే ఆప్-ఆంప్ చిప్పు మార్చి పాడుచేశానని, “మా బామ్మర్ది రాత్రిబడి ఇంజినీరు కదండీ!” అని జగ్గయ్యపేటలో నలుగురి ముందు నవ్వారట. నాలుగు చిప్పులను ఒకదాని తరువాత ఒకటి పెట్టి, మా అక్క పాడిన క్యాసెట్టునే వింటూ, ఆమె గొంతు స్పష్టంగా పలికినదానినే ఎంచాను.

పాటలో కొత్తగా దగ్గు చేరిందని మీ ఫిర్యాదు. చిప్పు దగ్గదు బావగారూ. పోయే ముందు ఏడాది అక్క ఆ క్యాసెట్టుకు దగ్గును అణుచుకుంటూ పాడింది. పాత చిప్పు గరగరలో అది ఇన్నేళ్లూ మన చెవిన పడలేదు.

మీరు అడిగిన పాత చిప్పు ఈ కవరులో ఉంది. వేరెవరిచేతనైనా పెట్టించుకోండి. ఆనాడు అక్క మనకు తెలియకుండా దాచినదాన్ని నా చేతులతో మళ్లీ దాచలేను.

ఇట్లు,
మీ బావమరిది