పదిగంటల నీళ్లు

తాడిపత్రి
ఫిబ్రవరి 19

చి. హేమలతకు అవ్వ దీవెనలు.

ఈడ మేమంతా క్షేమం. నువ్వు కూడా బెంగళూరులో వేళకు తిని, వేళకు పండుకుంటాండావని అనుకుంటాను. అది నిజం కాకపోతే రాయొద్దు, నన్ను అట్లే అనుకోనీ.

నీ ఉత్తరం సోమవారం అందింది. మూడు ప్రశ్నలు అడిగినావు. మొదటిది నా మోకాలు. ఆపరేషన్ చేసిన డాక్టరు నడవమంటాడు, మీ అమ్మ కదలొద్దంటాది. ఇద్దరికీ మర్యాద దక్కాలని నేను మంచం నుంచి కిటికీ దాకా నడిచి, ఆడ కదలకుండా కూర్చుంటాండా. రెండోది, నాయన కోపం తగ్గిందా అని. నిన్నటిదాకా తగ్గలేదు. పోయిన వారం బళ్లారి నుంచి ఎవరినో పిలిపించినాడు. దసరా సెలవుల్లో పదకొండు దినాలు నిలబడి మన బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసులో నువ్వు వేయించిన వైర్లన్నీ వాళ్లు చూసి, పెదవి విరిచి, మొత్తం పీకి కొత్తగా వేస్తామన్నారు. వచ్చే సోమవారం మొదలన్నారు. పెదవి అంత బాగా విరిచేవాళ్లకు వైర్లు పీకేది ఒక లెక్కా?

మూడో ప్రశ్నకు కొంచెం ఆగు. ముప్పై నాలుగేండ్లు పిల్లకాయలకు లెక్కలు చెప్పినదాన్ని. కష్టమైన ప్రశ్నను ఆఖరికి పెట్టుకోమని నేనే చెప్పేదాన్ని.

ఉత్తరం చివర నువ్వు రాసిన మాటలు మాత్రం కిటికీ కాడ కూర్చోని నాలుగుసార్లు చదివినా. ‘ఈ పని నాకు రాదవ్వా. సొంతంగా కట్టిన మొదటి నెట్‌వర్కే నడవలేదు. ఒకటో తేదీన రాజీనామా ఇచ్చేసి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటా.’ బ్యాంకుల మీద నాకు పగ లేదు. కానీ నువ్వు ఆ మాట రాసిన చేతిరాత చూసినా. అక్షరాలు కిందికి జారిపోతాండాయి. పదో తరగతిలో కూడా నువ్వట్లా రాయలేదు.

నువ్వు రాకముందు ఆ ఆఫీసు ఎట్లుండేదో ఒకసారి గుర్తు చేసుకో. కాటా కంప్యూటర్, బిల్లుల కంప్యూటర్, కెమెరాల పెట్టె, వచ్చిపోయేవాళ్ల ఫోన్లు, అన్నీ బీరువా మీద దుమ్ము కొట్టుకున్న ఒకే డబ్బాకు వేలాడేవి. గుమాస్తా తిప్పేష్ ఈ-వే బిల్లుకు మీట నొక్కి టీకి పోయి, టీ తాగి, ఊరి సంగతులన్నీ విని వచ్చేదాకా బిల్లు వచ్చేది కాదు. బిల్లు లేనిదే లారీ గేటు దాటదు. నువ్వొచ్చి గ్రాఫ్ కాగితం మీద గీత గీసుకోని, కెమెరాలకొక దారి, బిల్లులకొక దారి వేరుచేసి, ప్రతి వైరుకూ రంగు చీటీ కట్టినావు. ఆ తర్వాత తిప్పేష్ కుర్చీలోంచి లేచేలోగా బిల్లు వచ్చేసేది. వాని టీ పోయింది. అందుకే వానికి నీమీద ఇప్పటికీ ఇంత మంట.

మూడు నెలలు అట్లా నడిచింది. జనవరి మూడో వారం నుంచి రోజూ పది గంటలకు నెట్ బిగుసుకునేది, పన్నెండుకు వదిలేది. లారీలు రోడ్డు పొడుగునా నిలబడేవి. నువ్వు ఒక ఆదివారం వచ్చి డబ్బా మార్చినావు, ఇంకొక ఆదివారం వైర్లు మార్చినావు. ఆదివారం ఏ రోగమూ కనపడలేదు. సోమవారం మళ్లీ మామూలే.

ఇప్పుడు నా పగళ్ల సంగతి చెప్తా, నువ్వు అడగకపోయినా.

కాలు దిండు మీద పెట్టుకోని పడుకున్నదానికి పొద్దు పోదని, నువ్వే పోతాపోతా ఫ్యాక్టరీ కెమెరా నా ఫోన్లో పెట్టించి పోయినావు. మొదట్లో చూడలేదు. ఒకదినం పది గంటలకు తెరిస్తే, ఓబన్న యార్డులో నల్లబండలు అంచుకు అంచు పరిచి పైపుతో కడుగుతాండాడు. నీళ్లు పారుకుంటా, పారుకుంటా, అంచులన్నీ కలిసిపోయినాయి. బండలు కనపడలేదు హేమా. ఆకాశం కింద పరుచుకోనుండాది. ఒక తెల్లమబ్బు ఆ మూల నుంచి ఈ మూలకు మెల్లగా పోతాంది. ఓబన్న లుంగీ ఎగ్గట్టుకోని దాని మీద నడిచిపోయినాడు. ఆ కెమెరాకు చెవులు లేవు కదా, మిషన్ల రొద లేదు. నీళ్లు, వెలుగు, అంతే. నా మంచం తాడు ఎవరో విప్పినట్లు, నేనూ దాంతోబాటు కదిలిపోతాండా అనిపించింది. ఈ జిల్లాలో పుట్టి డెబ్బై నాలుగేండ్లు. మబ్బును కాళ్లకింద ఎన్నడూ చూడలేదు. నెత్తిమీద చూసిందే తక్కువ.

ఆ చల్లదనం ఒక్కదాన్నే ఎట్లా దాచుకునేది? నాతో బడిలో పనిచేసిన రూతు టీచరుకు పాస్‌వర్డుతో సహా చెప్పినా. ఆమె తన పక్కింటి బయమ్మకు చెప్పింది. విడపనకల్లులో ఉన్న మా పాత ఆయా మారెక్కకు కూతురు ఫోన్లో పెట్టిచ్చింది. అట్లా పదమూడు మందిమైనాము. మసకగా చూసే కర్మ మనకేమని, బొమ్మ తేటగా కనపడే మీట యాడుందో అందరికీ నేనే పాఠం చెప్పినా. పొద్దున తొమ్మిదిన్నర నుంచే ఫోన్లు, ‘నీళ్లు పెట్టినాడా?’ అని. మారెక్క అందులో చేపలుండాయా అని అడిగింది. ‘ఆ లారీవానికి కండ్లు లేవా, నీళ్లలోకి తోలినాడే’ అని బయమ్మకు కోపం. పది కొట్టినాక మాత్రం ఎవరమూ మాట్లాడము. పదమూడు ఇండ్లలో పదమూడు ముసలోళ్లం, ఒకే నీళ్ల గట్టున కూర్చున్నట్లు, పన్నెండు దాకా. ఆదివారం ఓబన్నకు సెలవు, మాకూ సెలవే.

సరే. నీ మూడో ప్రశ్న. ‘అవ్వా, జనవరిలో నేనడిగినప్పుడు కెమెరా చూడలేదన్నావు కదా, అది ఖాయమే కదా?’

ఖాయం కాదు.

ఆపొద్దు నువ్వు ఫోన్ చేసి, కెమెరాల నుంచే ఏదో బయటికి పారుతాందని, లోపల దారులు వేరైనా బయటికి పోయే తూము ఒకటేనని, మీ నాయనా నేనూ తప్ప బయట ఎవరి దగ్గరా పాస్‌వర్డు లేదని చెప్పినావు. నాకు వెంటనే అర్థమైంది. ‘బండలు చూసే వయసా నాది?’ అన్నా. నువ్వు నవ్వినావు. అవ్వ అబద్ధం చెప్పదని, ఆ కారణాన్ని కొట్టేసి, తప్పు నీ గీతల్లో వెతుక్కుంటా కూర్చున్యావు. నెల దినాలు. నేను చూస్తానే ఉన్నా. రోజూ పదికి నీళ్లు చూస్తానే ఉన్నా.

నిన్న పదికి అందరినీ ఫోన్లు మూసేయమని, తిప్పేష్‌కు ఫోన్ చేసినా. డ్రైవరు స్టీరింగు ముందు కూర్చునేలోగా బిల్లు వచ్చిందంట. మారెక్క ఒక్కతే మూయలేదని తర్వాత తెలిసింది. అయినా బిల్లు వచ్చింది. అంటే ఒక్కరు చూస్తే ఏమీ కాదు, పదమూడు మంది తేటగా చూస్తేనే.

సాయంత్రం మీ నాయనను పిలిచి, బళ్లారోళ్లను రావద్దనమన్నా. ఆఫీసుకు పట్టిన రోగం నేనేనని చెప్పినా.

‘ఏమ్మా, నువ్వా? నీ మాట పట్టుకోని కదా ఆ బిడ్డను అన్ని మాటలంటి’ అన్నాడు. ‘చెప్పేదానికేమి?’

‘చెప్తే నీళ్లు ఆపేస్తారని.’

మీ నాయన ఈ పొద్దు పదికి ఫ్యాక్టరీకి పోకుండా నా మంచం అంచున కూర్చోని, ఫోన్ తెరవమన్నాడు. ఇరవై ఏండ్లుగా దినమూ తొక్కే యార్డు అది. ‘ఇది మనదేనా?’ అని రెండుసార్లు అడిగినాడు. నీకు తనే ఫోన్ చేస్తానన్నాడు. ముందు నా ఉత్తరం చేరాలని ఆపినా. నా తప్పు నీకు నా చేత్తోనే తెలియాల. ఫోనులో నా నాలుక నాకంటే ముందు నడుస్తాది, ఒకసారి చూసినావు కదా. ఒకటో తేదీకి ఇంకా వ్యవధి ఉండాది, ఇది స్పీడ్‌పోస్టులో వస్తాది.

పాస్‌వర్డు మార్చేసెయ్. కొత్తది నాకు చెప్పొద్దు, నేను నలుగురికీ చెప్పేదాన్ని. మాకు ఏదైనా సన్న దారి ఇస్తావా, ఇయ్యవా, అది నీ పని, నీ తీర్పు. ఇయ్యకపోతే మారెక్కకు నేనే చెప్పుకుంటా.

నీకు పని రాదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. మొదటి వారంలోనే సరైన తూము మీద చెయ్యి పెట్టినదానివి. ఆ చెయ్యి తీయించింది నేను. రేపటి నుంచి ఏ ఆఫీసులో కూర్చున్నా, ఎంత పెద్దవాళ్లు లేదన్నా, నువ్వే పోయి చూసుకో. వాళ్లకు కోపమొస్తే రానీ.

ఇట్లు,
నువ్వు మొదట అనుమానించిన
మీ అవ్వ