విజయవాడ సారు నోటుబుక్కు

మంగళవారం, జూన్ 1997

మా బావి మోటర్ల కంపెనీకి ప్రొడక్ట్ మేనేజరని కొత్తగొచ్చిన విజయవాడ సారు మీద నాకు అనుమానమే. రిపేర్లు చేసే నన్ను అడిగిండు, "ఎక్కువగా ఏం పాడవుతుందండీ?" అని.

"వైరు జాయింటు ఊడుతది సార్" అన్న. రాసుకున్నడు.

పాల్మాకుల ఊరి రైతులు దొంగల భయానికి పొద్దుగూకంగనే మోటరు తీసి ఇంటికి తీస్కపోతరని అమ్మేటోళ్లు చెప్పిన్రు. అదీ రాసుకున్నడు. ఎవరి నౌకరికి ఎసరు పెడుతుండో అనుకున్న.

ఇయ్యాల మీటింగుల రెండూ కలిపిండు: "వైరు పట్టుకునే మోటరును బావిలోంచి లాగుతున్నారు, అందుకే జాయింటు ఊడుతోంది. తాడు కట్టుకోడానికి కొక్కెం పెట్టి అమ్ముదాం, గిరాకీ పెరుగుతుంది."

పెద్దసారు మస్తు ఖుషీ అయిండు. గప్పుడు ఈయన, "జాయింటు సంగతి చెప్పింది యాదయ్య గారండీ" అన్నడు.

పన్నెండేండ్ల నౌకరిల నా మాట నా పేరుతోని ఎవ్వరూ చెప్పలే. నాతోని ఏం పని పడ్డదో ఈయనకు?