పదకొండు రోజుల ఆలస్యం

అమ్మడూ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ ఇంట్లో అందరూ బాగున్నారు. నీ ఉత్తరం అందినప్పటి నుంచి నేనొక్కణ్నే బాగాలేను. మీ అమ్మ మోకాళ్లకు నువ్వు చెప్పిన మాత్రలే వాడుతోంది. “మా డాక్టరమ్మ చెప్పింది” అని వీధంతా చాటింపు వేస్తోంది. నా కళ్లజోడు సంగతి అడిగావు. మార్చాను తల్లీ, కోర్టులో కాగితాన్ని మూరెడు దూరంలో పట్టుకుని చదివే బాధ తప్పింది.

ఇక అసలు సంగతి. కిడ్నీలు దెబ్బతిన్నాయని కేస్ షీట్‌లో రాసున్నా చూసుకోకుండా ఇంజెక్షన్ నిండు మోతాదులో ఇచ్చానని, ఆ పెద్దాయనకు రెండు చెవులూ వినిపించకుండా పోయాయని రాశావు. జబ్బు వల్లే అలా జరిగిందని ఆయన కూతురికి చెప్పమంటున్నాడట మీ పెద్ద డాక్టరు. “నాన్నగా వద్దు, లాయరుగా చెప్పు” అన్నావు.

లాయరుగా అయితే ఒక్కటే ముక్క: నోరెత్తకు. ఇరవయ్యారేళ్లుగా డాక్టర్లకు వాళ్ల లాయర్లు చెప్పేది అదే. నర్సు రాసిన టైముకీ డాక్టరు రాసిన టైముకీ తేడా ఎక్కడుందో వెతికి, రోగుల తరఫున ఆ నోళ్లు తెరిపించడమే నా బతుకు. మా నాన్న ఎవరికీ భయపడడని బళ్లో గొప్పలు చెప్పేదానివి. భయపడ్డానమ్మా.

మన టైలరమ్మ గుర్తుందా? భుజానికి ఆపరేషన్ చేస్తే కుడిచేతి వేళ్లు చచ్చుబడ్డాయి, కత్తెర పట్టలేకపోయింది. కేసు గట్టిదే. కానీ రెండేళ్లలోపు వెయ్యాలి. ఆ గడువును ఆపరేషన్ రోజు నుంచి లెక్కపెట్టాలి. నేను డిశ్చార్జి రోజు నుంచి లెక్కపెట్టాను. పదకొండు రోజులు ఆలస్యమైంది. కోర్టు విచారణ లేకుండానే కొట్టేసింది. ఆమెతో మాత్రం వరండాలో నిలబడి, “జడ్జిగారు నమ్మలేదమ్మా” అన్నాను. “మీరేం చేస్తారు సార్” అని నాకే ధైర్యం చెప్పి వెళ్లిపోయింది. ఆరేళ్లయింది. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

నీ ఉత్తరం చదివాక, నీకు నీతులు చెప్పే మొహం లేక, నిన్న పొద్దున ఆమె ఇంటికి వెళ్లాను. ఎడమచేత్తో బొత్తాలు కుట్టుకుంటోంది. ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“అయితే నేను అబద్ధం చెప్పానని జడ్జిగారు అనలేదా?”

“లేదమ్మా. నీ మాట ఆయన విననే లేదు.”

“కోర్టే నమ్మలేదు, ఇవన్నీ పని ఎగ్గొట్టే నాటకాలని మా ఆయన రోజూ దెప్పేవాడు సార్. నాకే ఒక్కోసారి అనుమానం వచ్చేది, నేనే వేళ్లు సరిగ్గా కదపట్లేదేమోనని.” చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది. “పోయినేడాది పోయాడు. ఆయన ఉండగా వచ్చి చెప్పాల్సింది.”

ఇంటికొచ్చి మీ అమ్మ ముందు కూర్చుని ఏడ్చాను.

వెళ్లి ఆ కూతురికి నిజం చెప్పు తల్లీ. ఉద్యోగం పోతే పోనీ, ఇల్లుంది, మేమున్నాం. పెద్దాయనకు వినపడదు కాబట్టి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, నీ చేత్తోనే చూపించు. ఆయన ఉండగానే చూపించు.

ఇట్లు,
నీ మీద బెంగతో,
మీ నాన్న