పెద్ద సర్కస్ వచ్చేదాకా

చేవెళ్ల, మంగళవారం రాత్రి

నెట్ సెంటర్‌లో పాత అమెరికా సర్కస్‌ల గురించి చదివాను. ఒక సర్కస్ ఊళ్లో డేరా వేయబోతుంటే, పోటీవాళ్లు ముందే వచ్చి "ఆగండి, మా పెద్ద సర్కస్ వెనకాలే వస్తోంది" అని గోడలకు పోస్టర్లు అంటించేవారట. జనం నిజంగానే ఆగిపోయేవారట.

ఇంటికొచ్చి మా బాపుకు చెబితే నవ్వాడు. మా పొలానికి షాబాద్ వాళ్లు ముందే బేరం పెట్టారు. పొద్దున మా పొలం అడగడానికి వచ్చిన మొయినాబాద్ బ్రోకర్ కూడా అదే మాట అన్నాడు. "జర ఆగన్నా, గా షాబాద్ పార్టీకి అమ్మకు. పెద్ద ఐటీ కంపెనీ వస్తున్నది."

"మరి ఆ పెద్ద సర్కస్ వచ్చిందా బిడ్డా?" అన్నాడు బాపు.

"కొన్ని ఊళ్లకు వచ్చింది, కొన్నిటికి రాలే."

"వచ్చిన ఊళ్లల్ల గూడ, డేరా పీకినంక గుంజల గుంతలే గదా మిగిలేది."

రేపు పొద్దున్నే ఆ పొలంలో నాటడానికి టమాట నారు తెమ్మన్నాడు.