పైకప్పుకు చిగురాకు రంగు

అమ్మాయీ,

నేను ఆసుపత్రికి బయలుదేరుతున్నాను. రంగులు వేసే మేస్త్రి రాగానే మీ అత్తగారి గదిలో ముందుగా పైకప్పుకు చిగురాకు రంగు వేయించు. గోడలకు పసుపే కానివ్వు, అబ్బాయి ముచ్చటా తీరుతుంది. కప్పుకు తెలుపు చాలునన్న నా మాట మరచిపో. రేపు ఆమె వచ్చేసరికి ఆరిపోవాలి, కిటికీలు తెరిచి ఉంచు.

పసుపా, పచ్చా అని మీ దంపతులు గోడ ముందు నిలబడి ఇన్నాళ్ళూ వాదించుకున్నారు. ధర్మాధికారిలా నడుమ కుర్చీ వేసుకొని నేనూ కూర్చున్నాను. ఆ గదిలో ఉండబోయే ఆమెను అడగాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. నిన్న ఆసుపత్రిలో అడిగాను.

"గోడలకు ఏదైతేనేమండీ! లేచి కూర్చునేదాకా నాకు కనబడేది కప్పేగా" అని నవ్వింది.

ఇంటికి వచ్చి ఆమె మంచం మీద వెల్లకిలా పడుకొని చూశాను. ఆ తెలుపు అచ్చం ఆసుపత్రి కప్పులాగే ఉంది. కళ్ళు సేదతీరాలనే కాబోలు, భగవంతుడు లోకంలో ఇన్ని చిగుళ్ళు పుట్టించాడు. ఆమె లేచి వాటి దగ్గరకు వెళ్ళే స్థితిలో లేదు కనుక మనమే ఆ రంగును ఆమె తలపైకి తేవాలి.

చాలా అలసిపోయానమ్మా.

అన్నట్టు, ఆమె దిండుకు నా తలనూనె మరక అంటింది, గలీబు మార్చు. చూద్దామని పడుకున్నవాణ్ణి, తెల్లవారేదాకా అక్కడే నిద్రపోయాను.